ఫ్యూజు మంచిగనే ఉందన్నాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూస్తే రెండు ముక్కల మాట. దాంతో ఒక మనిషి ఆఖరి రోజుల్ని చీకటి చేశాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా బావ బొగ్గు గని లాంప్ రూంలో పనిచేసేవాడు. కార్మికులు తలకు పెట్టుకుని దిగే లైట్లకు ఛార్జింగు పెట్టే చోటు అది. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఉద్యోగం పోయింది, క్వార్టరూ పోయింది. రామగిరి వైపు అక్క పేరున ఉన్న జాగాలో రెండు గదులు వేసుకున్నారు. అక్కడికి ఇంకా కరెంటు స్తంభాలు రాలేదు. మంచంలో ఉన్న మనిషికి మిగిలిందల్లా బండి బ్యాటరీ మీద నడిచే ఒక బుల్లి టీవీ.

బండి నాది, గనికి కిరాయికి తిప్పే జీపు. డ్యూటీ దిగాక వాళ్ల కిటికీ పక్కన ఆపి, బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలించి, వైరు లోపలికి ఇచ్చేవాణ్ని. బావ మంచం మీది నుంచే హుకుం జారీ చేసేవాడు. ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. వైరుకు ఫ్యూజు ఉండాల్సిందే. మధ్యలో కాసేపు ఇంజను నడపాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోయి పొద్దున బండి లేవదు. మాట ముద్దగా వచ్చేది, పెత్తనం మాత్రం తగ్గలేదు. ఒకరోజు చూడవచ్చిన పాత దోస్తుల ముందు, "ఎర్రదేదో నల్లదేదో తెల్వనోడు, వీడు డ్రైవర్" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

కొద్ది రోజులకే, ఏదో పరాకులో, క్లిప్పులు నిజంగానే తిరగేసి పెట్టాను. టీవీ వెలగలేదు. వైరులోని గాజు ఫ్యూజు మాడిపోయింది. అది మాడి టీవీని కాపాడింది. అలాంటిదే ఇంకొకటి జీపు సామాన్ల డబ్బాలో ఉంది. మార్చడానికి ఎంతసేపు? కానీ మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. మళ్లీ నవ్వుతాడు.

క్లిప్పులు గబగబా సరిచేసి లోపలికి వెళ్లాను.

"ఫ్యూజ్ చూసినవారా?" అన్నాడు బావ.

"చూసిన బావా. మంచిగనే ఉంది. నీ టీవీనే కాలిపోయింది."

"కాలిన వాసన రాలే గదరా."

"మంచంల పండుకొని నాకంటె ఎక్కువ చెప్తవా?"

ఆయన తల గోడ వైపు తిప్పుకున్నాడు. నాకు సంతోషమేసింది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ సంతోషమే వేసింది.

రేపు మార్చేద్దాం అనుకున్నాను. మర్నాడు ఆయనే గొంతు తగ్గించి, "జర షాపుల చూపియ్యి తమ్మీ" అన్నాడు. ఎప్పుడూ 'రా' తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. ఆ బతిమాలడం నాకు రుచించింది. టీవీని జీపులో వేసుకుని గోదావరిఖని అంతా తిప్పి, ఎవరికీ చూపించకుండా వెనక్కి తెచ్చి, షాపువాడు పనికిరాదన్నాడని చెప్పాను. కోపమా అది? కోపమైతే రెండు రోజుల్లో చల్లారేది. ఒక మనిషి వెలుగు నా చేతిలో ఉందన్న మదం అది. నేను అలాంటివాణ్నా? అలాంటివాణ్నే.

వెలగని టీవీని స్టూలు మీదే ఉంచమన్నాడు. జీపు చప్పుడు వినగానే తల కిటికీ వైపు తిప్పేవాడు. నేను దిగి, మంచినీళ్లు తాగి, వెళ్లిపోయేవాణ్ని. కొన్నాళ్లకు తల తిప్పడం మానేశాడు. వానలు తగ్గేసరికి పోయాడు.

దినాలయ్యాక అక్క టీవీని, వైరుతో సహా, తెచ్చి జీపులో పెట్టింది. "నువ్వే ఉంచుకో తమ్మీ. నడిచినన్ని దినాలు ఆయనకు నువ్వే చూపిచ్చినవ్" అంది. ఇంటికొచ్చి డబ్బాలోని ఫ్యూజు తీసి వేశాను. ఎర్రది ప్లస్‌కే పెట్టాను. వెంటనే బొమ్మ వచ్చింది. అందులో ఎవరో నవ్వుతున్నారు.

అక్క ఇప్పటికీ వచ్చినవాళ్లకు నా సేవ గురించి చెబుతుంది. నేను తల వంచుకుని కూర్చుంటాను. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు. ఆమెకు చెప్పలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని చేయగల మనిషి లేడు. ఈ ఒక్క మాట మాత్రం లోపల నిలవడం లేదు, ఇక్కడ పెట్టేస్తున్నాను.

ఫ్యూజ్ మంచిగ లేదు బావా. మాడిపోయింది. క్లిప్పులు నేనే ఉల్టా పెట్టిన.