నూకయ్య కప్పుకున్న వల

భావనపాడులో మా గోడకి ఆనుకున్న ఇల్లు సూరయ్యది. వరసకి నాకు మావ. చలికాలం వస్తే ఊరంతా గొంగళ్ళూ బొంతలూ కప్పుకునేవాళ్ళు, ఆయన మాత్రం వల కప్పుకుని పడుకునేవాడు. నవ్వకండి, నిజం. అది పాత నూలు విసురువల. అంచు చుట్టూ సీసం గుళ్ళుంటాయి. కన్నాల్లోంచి గాలి దూరే దాన్ని కప్పుకుంటే ఏం వెచ్చదనం మావా అని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. "బరువుంటాదే గురమ్మా. మీద సెయ్యేసినట్టుంటాది" అనేవాడు. ఆ వలకి నూలు వడికింది ఆయన పెళ్ళాం జగ్గమ్మ. జగ్గమ్మ పోయాక ఆయన మీద చెయ్యి వేసే మనిషి ఇంకెవరూ లేరు.

మోకాళ్ళు పట్టేసి వేటకి వెళ్ళడం మానేశాడు. అరుగు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ చిరిగిన వలలు బాగుచేసేవాడు. అప్పుడప్పుడే నైలాను వలలు దిగుతున్నాయి. అవి ఓ పట్టాన చిరగవు. దాంతో ఆయన అరుగెక్కే మనుషులూ తగ్గిపోయారు. పొద్దునా సాయంత్రమూ గోడ మీంచి తల పెట్టి "ఏటే కూర?" అని అడిగేవాడు. పెడతాను పళ్ళెం తెమ్మంటే వద్దనేవాడు. నాకు ఒళ్ళు మండేది. వద్దనుకున్నవాడికి మా కూరతో పనేంటి? ఆయనకి కావలసింది కూర కాదు, ఎవరిదో ఒకరి గొంతు.

ఆయనకి ఒక్కతే కూతురు, లక్ష్మణమ్మ. కళింగపట్నంలో గంగులనే అతనికిచ్చారు. నేను చెప్పే ఏడు, అంటే అరవై ఎనిమిదిలో, ఆమె కొడుకు నూకయ్యకి ఐదేళ్ళు. మాట లేదు. పిలిస్తే తిరగడు. ఎవరి మొహంలోకీ చూడడు. ఎత్తుకుంటే ఒళ్ళు కర్రలా బిగదీసుకుంటాడు. ఇసకలో కూర్చోబెడితే పొద్దుగూకేదాకా గుప్పిట్లోంచి ఇసక జార్చుకుంటూనే ఉంటాడు. నాలిక్కి వస రాశారు, తాయెత్తు కట్టారు, విభూది పెట్టించారు. దాన్ని ఏమంటారో అప్పట్లో మాకెవరికీ తెలీదు. తెలీనంత మాత్రాన జనం నోళ్ళు ఊరుకుంటాయా? గంగులు తల్లి అయితే నలుగురిలోనూ తేల్చి పారేసింది.

"ఈడికి తాతైనా ఒకటే, తాటిసెట్టైనా ఒకటే."

ఆ మాట సూరయ్య మావకి ముల్లులా దిగిపోయింది. "నా సేతిలోంచి ఒక్క వస్తువందుకోవాల గురమ్మా. ఒక్కటంటే ఒక్కటి. అందుకున్నాడంటే నానెవుడో ఆడికి తెలిసినట్టే" అన్నాడు. ఇక అదే ధ్యాస. నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేవాడు.

శివరాత్రికి శ్రీముఖలింగం పోయి, ఆ తిరనాళ్ళలో రేకుబూర ఒకటి తెచ్చాడు. లక్ష్మణమ్మ పిల్లాణ్ణి తీసుకొచ్చేదాకా దాన్ని చూరులో దాచి, రోజూ తీసి తుడిచేవాడు. తీరా వాళ్ళొచ్చాక ఎంతో మురిపెంగా ఊదాడు. అంతే, పిల్లాడు చెవులు మూసుకుని గోడకేసి తల బాదుకున్నాడు. ఆపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. తర్వాతి రాకకి పంచదార చిలకలు తెప్పించాడు. చేతికి జిగట అంటేసరికి వాడు చెయ్యి విదిలించి విదిలించి ఏడ్చాడు. మువ్వల మొలతాడు కడితే దాన్ని తెంపుకునేదాకా నేల మీద పొర్లాడు. చివరికి ఓ చెక్కబండి. అది పర్వాలేదు. బోర్లా తిప్పి, ఒక చక్రాన్ని బుగ్గ దగ్గర పెట్టుకుని తిప్పుకుంటూ కూర్చున్నాడు. అయితే తాత చాపినంతసేపూ దానికేసి చూడలేదు. విసుగొచ్చి కింద పెట్టేసి లోపలికి పోయాకే తీసుకున్నాడు.

"నేల మీంచి తీసుకున్నాడే. నా సేతిలోంచి కాదు" అన్నాడు మావ, మొహం వేలాడేసుకుని.

నేను ఊరుకునేదాన్నయితే కదా! "బూరూదితే నవ్వింది నువ్వు. మువ్వలు సూసి మురిసింది నువ్వు. ఎవుడికి కొంటన్నావు మావా, ఆడికా, నీకా?" అని అడిగేశాను. ఆయనకి కోపమొచ్చింది. కొన్నాళ్ళపాటు గోడ మీంచి కూర సంగతి అడగలేదు. చెప్పకేం, అడగకపోతే నాకూ ఏదోలా ఉండేది.

ఆషాఢంలో వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు పిల్లాడు కనబడకుండా పోయాడు. మిట్టమధ్యాహ్నం. లక్ష్మణమ్మ చేపలు ఎండేసి వచ్చేసరికి అరుగు ఖాళీ. ఇంటికీ సముద్రానికీ మధ్య ఎంత దూరమని? ఆడాళ్ళం జుట్లు ముడేసుకుని ఒడ్డంటా పరిగెత్తాం. సూరయ్య మావ మోకాళ్ళ మాట మరిచిపోయి నడుం లోతు నీళ్ళలోకి దిగి, పలకని పిల్లాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నాడు.

పిల్లాడు పెరటి చావిట్లో దొరికాడు. మావ కప్పుకునే విసురువల అక్కడ కుప్పగా పడి ఉంది. దాని కిందకి దూరి, గుళ్ళన్నీ గుండె మీద వేసుకుని, నూలులో ముక్కు పెట్టి నిద్రపోతున్నాడు. పగలు కన్నుమూయని పిల్లాడు. రాత్రుళ్ళు కూడా తల్లిని నిద్రపోనివ్వని పిల్లాడు! లక్ష్మణమ్మ ఏడుస్తూ మీద పడబోతే మావ అడ్డం నిలబడ్డాడు.

"లేపితే సంపేస్తాను. పడుకోనీ" అన్నాడు.

వాళ్ళు బయల్దేరే రోజున వలని మడతపెట్టి రెండు చేతుల్లోనూ పట్టుకుని పిల్లాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మ వడికిన వలయ్యా అది. నువ్వేటి కప్పుకుంటావు?" అంది లక్ష్మణమ్మ.

"గొంగడున్నాది. నువ్వు నోరుముయ్యి."

నూకయ్య తాత మొహం చూడలేదు. వల చూశాడు. రెండు చేతులతో పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మావ వదలడం మరిచిపోయాడు కాబట్టి ఇంకోసారి లాగాడు. వాళ్ళు అటు వెళ్ళారో లేదో ఈయన కుంటుకుంటూ మా ఇంటి మీదకొచ్చేశాడు. "తీసుకున్నాడే! నా సేతిలోంచే! లాక్కున్నాడు!" అని వీధి వీధంతా చాటింపు వేశాడు. చేతిలో ఏమీ లేకుండా అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్ళు? గొంగడి ఆయనకి పడలేదు. గుచ్చుకుంటుందన్నాడు, తేలిగ్గా ఉందన్నాడు. పొద్దున్నే కళ్ళు ఎర్రగా చేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. చేతికి అల్లే వల కూడా ఉండేది కాదు. వానాకాలమంతా కూతురి దగ్గర్నుంచి కబురు లేదు. "ఏటే కూర?" అన్న మాటొక్కటే మా ఇద్దరి మధ్యా తిరుగుతుండేది. నేను ఉన్న కూరకి లేని కూరలు కలిపి చెప్పేదాన్ని.

కార్తీకంలో లక్ష్మణమ్మ ఊడిపడింది. నరసన్నపేటలో బస్సు మారి, నౌపడ నుంచి పిల్లాణ్ణి ఈడ్చుకుంటూ నడిచి వచ్చింది. ఒక చంకన వల మూట. గుమ్మంలోనే కూలబడి ఏడుపు.

"ఇల్లంతా ఆ వల కంపు కొడతన్నాదని అత్త ఒకటే గోల. సోడాలో ఉడకేసి ఉతికీసినానయ్యా. పువ్వులా వొచ్చింది. అప్పట్నుంచి ముట్టుకోడు. నిద్దర్నేదు. సెయ్యి కొరికీసుకుంటన్నాడు, సూడు. ఈపాలి కుదరకపోతే ఇంక మీ అయ్య కాడికి తీసుకెల్లొద్దని అత్త సెప్పీసింది."

పిల్లాడి ముంజేతి నిండా పళ్ళ గాట్లు, పుళ్ళు కట్టి ఉన్నాయి.

"ఓసి, నీ సుబ్బరం పాడుగాను!" అన్నాను. పాపం, దాన్నని ఏం లాభం? కొడుకు కప్పుకునేది శుభ్రంగా ఉండాలనుకోవడం ఏ తల్లైనా చేసే పనే.

మావ మూట విప్పాడు. తుమ్మబెరడు కొట్టి ఉడకబెట్టాడు. పూర్వం నూలు వలలకి పట్టించినట్టే రంగు పట్టించి ఆరేశాడు. నూకయ్య వాసన చూసి విసిరేశాడు. సముద్రపు నీళ్ళ వాసన కావాలేమోనని ఒడ్డుకి మోసుకెళ్ళి ముంచి తెచ్చాడు. మళ్ళీ విసిరేశాడు, చెయ్యి కొరుక్కున్నాడు. మావ ఆ పిల్లాడి కొరుక్కునే చేతికీ పళ్ళకీ మధ్య తన వేళ్ళు పెట్టాడు. వాడు ఆ వేళ్ళనీ కొరికాడు.

"తాటిసెట్టేనే గురమ్మా నాను. గంగులు తల్లి నిజిమే సెప్పింది" అన్నాడు గోడ దగ్గరకొచ్చి. ఆ కొరికిన వేళ్ళకి రాసుకోమని పసుపు తెచ్చి గోడ మీద పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యకుండా పెరటి చావిట్లో నేల మీద వాలాడు. ఆరిన వలని పాత అలవాటు కొద్దీ మీదకి లాక్కున్నాడు. నేను గోడ ఇవతల చేపలు తోముతున్నాను. నూకయ్య స్తంభం చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఆగాడు. దగ్గరకొచ్చి వలని వాసన చూశాడు. తర్వాత, నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను, ముసలాయన భుజం వాసన చూశాడు. మెడ దగ్గర చూశాడు. చుట్టపొగా, ఆముదం, చెమటా కలిసిన మనిషి. వల అంచు ఎత్తి లోపలికి దూరాడు. తాతకి వీపు పెట్టి, గుళ్ళు గుండె మీదకి లాక్కుని పడుకున్నాడు.

మావ కదల్లేదు. మొహం మీద ఈగలు వాలినా తోలుకోలేదు. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు.

లక్ష్మణమ్మని గోడ దగ్గరకి పిలిచి చూపించాను. "సముద్రం వాసనా కాదు, బెరడు వాసనా కాదే. నువ్వు ఉతికీసింది మీ అయ్యనే" అన్నాను. అది నోట్లో కొంగు కుక్కుకుంది.

వలకి మళ్ళీ ఆ వాసన పట్టేదాకా వాళ్ళు ఉండిపోయారు. పడుకునేవేళ అయితే పిల్లాడే ముందు చావిట్లోకి పోయి నిలబడేవాడు. ఆ కొన్నాళ్ళూ మావ గోడ దగ్గరకి రాలేదు. కూర ఊసే లేదు. నాకేం కోపం రాలేదు.

వెళ్ళే రోజు నూకయ్య వలని నెత్తి మీంచి కప్పుకుని, గుళ్ళు నేల మీద ఈడ్చుకుంటూ ముందు నడిచాడు. తాత ఉప్పుమడుల గట్టుదాకా వెంట వెళ్ళాడు. నేనూ, వీధిలో ఇంకో ఇద్దరు ఆడాళ్ళూ తోడు వెళ్ళాం. పిల్లాడు ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. తిరుగుతాడని ఆయనా అనుకోలేదు. వాళ్ళు గట్టు మీద కొంత దూరం పోయాక ఆయనకి ఏదో గుర్తొచ్చినట్టు గొంతెత్తి అరిచాడు.

"ఒసే లచ్మణమ్మా! సివరాత్రికి ముందు ఇంకోపాలి ఉతికీయే!"

మేమంతా పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. అంత దూరాన్నుంచి కూతురు సరేనని చెయ్యెత్తేదాకా అక్కడే నిలబడ్డాడు.