ఇంజన్ మూత కింద పొగ

మొన్న నవ్‌సారి రోడ్డు మీద ఉన్ అనే ఊరి దగ్గర ట్రాఫిక్‌లో మా ఆటో ఇరుక్కుపోయింది. పక్కనే ఒక పాత లారీ. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్ దగ్గర టప్పుటప్పుమని చిరిగిన డప్పు చప్పుడు, క్యాబిన్‌లోకి పొగ. అతను నుదురు రుద్దుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆటో దిగి, లారీ తలుపు మీద చరిచి, ముందు ఆ పొగ సంగతి చూసుకొమ్మని హిందీలో అరిచాను. ఎవరీ పిచ్చిది అన్నట్టు చూశాడు. చూడనీ. ఒకప్పుడు మా అన్న కూడా మా వదినను అలాగే చూశాడు.

అప్పట్లో అన్నకు సొంతంగా ఓ పాత లారీ ఉండేది. మగ్గాల షెడ్ల నుంచి రంగుల మిల్లులకు బట్ట తోలేవాడు. ఆ బండిలో ఇంజన్ క్యాబిన్ లోపలే, డ్రైవరు మోకాలి పక్కన, రేకు మూత కింద ఉండేది. ఆ మూత మీద అన్న టవలు ఆరేసుకునేవాడు, టిఫిను డబ్బా వేడి చేసుకునేవాడు. ఆ వానాకాలమంతా తలనొప్పితోనే ఇంటికి వచ్చాడు. నిద్ర చాలలేదన్నాడు, మిల్లు వాసనన్నాడు, చివరికి వదిన చాయ్‌లో అల్లం ఎక్కువైందని కూడా అన్నాడు. పొగ అని మాత్రం అనలేదు. ఎందుకంటే అతని జిగిరీ దోస్తు, మా జిల్లావాడే అయిన మెకానిక్, సైలెన్సర్ గొట్టానికి ఏదో పట్టీ చుట్టి, పనైపోయిందని చెప్పాడు.

ఒక మధ్యాహ్నం వదినా నేనూ అదే లారీలో నవ్‌సారిలోని చుట్టాలింటికి బయలుదేరాం. జోరు వాన, అద్దాలు ఎక్కించేశాం. సచిన్ ఊరు దాటేసరికి నాకూ తలనొప్పి మొదలైంది. ఇంతలో అన్న తల స్టీరింగు మీదికి వాలిపోయింది. ముందు స్కూటర్ మీద భార్యాభర్తలూ, మధ్యలో పసుపు రెయిన్‌కోటు వేసుకున్న బిడ్డా. వదిన నా మీదుగా దూకి స్టీరింగు గుంజింది. లారీ వాళ్లను మూరెడు దూరంలో తప్పించుకుని, చెరకు తోట పక్క బురదలో దిగబడింది.

మూసిన క్యాబిన్‌లో పొగ పీల్చడం వల్లే ఇలా అయిందని డాక్టర్ చెప్పాడు. అయినా ఇంటికి రాగానే అన్న మర్నాటి లోడు గురించి మాట్లాడాడు. వదిన తాళం తీసుకుని కొంగుకు ముడేసుకుంది. పొద్దున్నే మెకానిక్ వచ్చాడు.

"పాత బండి చెల్లె, జర పొగ గిట్ల ఉంటది. గింతదానికి గంత లొల్లా?" అన్నాడు.

అన్న అవునన్నట్టు తలూపాడు. ఆ తల ఊపడం చూసి నాకు చెయ్యి చేసుకోవాలనిపించింది. వదిన అరవలేదు.

"మేం సచ్చినా సరే, నీ దోస్తు మనసు నొవ్వొద్దు. గంతేనా?" అని అన్నను అడిగింది. తర్వాత మెకానిక్ వైపు తిరిగింది. "మూత తియ్యి. పొగ ఏడికెల్లి వస్తున్నదో నా కండ్లకు చూపెట్టు. అప్పుడే తాళం ఇస్త."

అతను గొణుక్కుంటూ మూత తీశాడు. ఇంజన్‌కూ పొగ గొట్టానికీ అతుకు పడే చోట నల్లటి మసి చారలు. లీకు ఎక్కడుందో తేలడానికి సైలెన్సర్ చివర గుడ్డలు కుక్కి, కంప్రెసర్ గాలి పెట్టాడు. వదిన బట్టలుతికే బకెట్ తెచ్చి అతుకుల మీద సబ్బునీళ్లు పోసింది. మసి ఉన్నచోట బుడగలు పొంగాయి. అతను చుట్టిన పట్టీ అంచున ఇంకా ఎక్కువ పొంగాయి. మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఎండి రాలిపోయింది, పొగ తిన్నగా అన్న మొహం మీదికే వస్తోంది. అతుకు దగ్గర ఒక బోల్టు లోపలే విరిగి ఉంది. మిగతావి బిగిస్తే సరిపోతుందన్నాడు మెకానిక్. వదిన పాత టైరు మీద కూర్చుంది, కదలలేదు. సాయంత్రానికి విరిగిన బోల్టు బయటికొచ్చింది, కొత్త ప్యాకింగ్ పడింది, కుళ్లిన గొట్టం ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేశారు, మూతకు రబ్బరు వచ్చింది. మళ్లీ సబ్బునీళ్లు పోస్తే ఒక్క బుడగా రాలేదు. వదిన తాళం అన్న చేతిలో పెట్టింది, మొహం చూడకుండా.

వారం తిరక్కుండానే తలనొప్పి పోయిందని అన్న అందరికీ చెప్పుకున్నాడు, దోస్తు పనితనాన్ని మెచ్చుకుంటూ. వదిన ఆ లారీ మళ్లీ ఎక్కలేదు.

అది తుక్కుకు పోయి చాలా ఏళ్లైంది. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అన్న ఆ సంగతి నవ్వుతూ చెబుతాడు, పక్కన కూర్చున్న మెకానిక్ తొడ చరుచుకుంటాడు. వదినా నేనూ లేచి లోపలికి వెళ్లిపోతాం. ఇన్నేళ్ల కాలం వాళ్లిద్దరికీ ఆ రోజును కథ చేసి ఇచ్చింది. మా ఇద్దరికీ అది ఇంకా గడవనే లేదు.