వంటావార్పులో ఉల్లిపొర

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నిద్రలేచిన మనిషి మొదట అడిగే మాట, ఇవాళ బస్సులున్నాయా అని. సరిగ్గా అప్పుడే నేను పరిశోధన వదిలేసి ప్రాజెక్టు మేనేజర్ అవతారమెత్తాను. అంతకుముందు కొన్నేళ్లపాటు అరటిపండ్ల మీద వాలే చిన్న ఈగల సంసారాలు పరిశీలించాను. పెళ్లిళ్లలో మా కోస్తా చుట్టాలు "ఏం చేస్తున్నావురా?" అంటే "ఈగల మీద పరిశోధన" అనేవాణ్ణి. "పోనీలే, ఖాళీగా ఉన్నావన్నమాట" అని ఓదార్చేవాళ్లు. ఫెలోషిప్పు అయిపోయింది, లాబ్‌లో నా బల్ల ఇంకొకరికి ఇచ్చేశారు. ఒక విశ్వవిద్యాలయం డిగ్రీ కాలేజీల్లో జీవశాస్త్రం చదువు బాగుచేసే ప్రాజెక్టు పెడితే వెళ్లి చేరిపోయాను. మా డైరెక్టర్ మేడం "ఈగలతో వేగినవాడివి, లెక్చరర్లతో వేగలేవా బాబూ" అంటూ తీసుకున్నారు (వేగడంలో తేడా ఉంటుందని ఆవిడకి తెలుసు, నాకే తెలియదు).

కాలేజీలకు మైక్రోస్కోపులివ్వడం, వాటితో పాఠం ఎలా చెప్పాలో లెక్చరర్లకు నేర్పడం మా పని. ఇచ్చి ఊరుకుంటే సరిపోయేది. కానీ లాబ్ బుద్ధి ఎక్కడికి పోతుంది? కొన్ని ఈగలకు మందు వేస్తాం, కొన్నిటికి వేయకుండా పక్కన పెడతాం, తేడా చూస్తేనే కదా మందు పనిచేసిందని తెలిసేది! ఆ పక్కన పెట్టినవాటిని కంట్రోల్ అంటాం. కాలేజీలకీ అదే చేశాను. చీటీలు వేసి సగం కాలేజీలకు మైక్రోస్కోపులు, మిగతా సగానికి సున్నా. చీటీలకి ఊరూ పేరూ పట్టవు కనక, ఆ సున్నా సగంలో ముప్పాతిక మంది ఎల్బీనగర్ దాటాక నల్గొండ రోడ్డు మీదుండే కాలేజీలవాళ్లే పడ్డారు. అది నా కళ్లకు ఆనలేదు. "వాళ్లు ఒప్పుకుంటారా?" అని మేడం అడిగితే, "చీటీలు తీశాం కదండీ, ఇంక ఒప్పుకునేదేముంది" అన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిఠాయి దుకాణం పైన మా ఆఫీసు. అక్కడికి అందరినీ పిలిచి, సున్నా సగాన్ని ఒకవైపు కూర్చోబెట్టి, మీరు కంట్రోల్ గ్రూపు అని ఘనంగా ప్రకటించాను. బోటనీ లెక్చరర్ ఒకాయన లేచాడు. ఉద్యమం సభల్లో మైకు పట్టుకుంటే వదలడని అందరూ ఆయన్ని మైక్ సార్ అనేవాళ్లు.

"అంటే మాకేమొస్తది సార్?"

"ఏమీ రాదండీ. అదే మీ ప్రత్యేకత. చివర్లో మీ పిల్లలు ఎంత వెనకబడ్డారో చూస్తే, మా పద్ధతి ఎంత మంచిదో తెలుస్తుంది."

మైక్ సార్ కోప్పడలేదు. నెమ్మదిగా, "ఇన్నేండ్ల సంది మేమున్నది గదే గ్రూపుల గద సార్. మల్ల కొత్తగ ప్రయోగం చేసుడెందుకు?" అన్నాడు. అని, తనవైపు వాళ్లందరినీ లేపుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ వారంలోనే వంటావార్పు వచ్చింది. బస్సులు తిరిగే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, పదిమందికీ వడ్డించి, అక్కడే తినడం ఆ ఉద్యమంలో ఒక నిరసన. మేడం ఢిల్లీ నుంచి ఫోన్ చేశారు. "మైక్ సార్ వాళ్లు మన ఆఫీసు ముందే పొయ్యి పెడతారట. వాళ్లు తప్పుకుంటే ప్రాజెక్టు మూతపడుతుంది బాబూ. నీకు లాబ్‌లోనూ చోటు లేదు, ఇక్కడా ఉండదు. వెళ్లి మాట్లాడు." మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తలూపి వచ్చెయ్ నాన్నా. నీ యాసతో నోరు మాత్రం తెరవకు."

కర్మన్‌ఘాట్‌లోని మా ఇంటి నుంచి సరూర్‌నగర్ చెరువు పక్కగా నడిచి పెద్దరోడ్డు ఎక్కానో లేదో, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎప్పుడూ హారన్లతో చెవులు చిల్లులు పడే ఆ రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఎల్బీనగర్ వైపు ఎంత దూరం చూపు ఆనితే అంత దూరం పొయ్యిల పొగ, డప్పులు, పాటలు. నల్లకోటు వకీళ్లు బియ్యం కడుగుతున్నారు, బ్యాంకు ఉద్యోగులు టమాటాలు తరుగుతున్నారు. ఇంతమంది కలిసి ఒకే మాట అడగడం నేనెన్నడూ చూడలేదు. భయపడాలని బయల్దేరినవాణ్ణి, ఆ సంగతే మరిచిపోయి నోరు తెరుచుకుని నడిచాను.

ఆఫీసు ముందు మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగ, పక్కన గరిటె పట్టుకుని మైక్ సార్. తిడతాడనుకున్నాను. "అచ్చిండ్రా! కూసోండ్రి సార్. గీ ఉల్లిగడ్డలు జర కోయుండ్రి" అని కత్తి చేతికిచ్చాడు. అలవాటైన చెయ్యి కదా, రెక్కలాంటి పల్చటి పొరలు తీస్తున్నాను. పక్కనున్న జువాలజీ మేడం చూసి, "ఏంది సార్, గిది కూరకా, స్లయిడుకా?" అంది. అందరూ పకపకా నవ్వారు. మైక్ సార్ మాత్రం ఒక పొర తీసి ఎండకు పట్టి చూశాడు. "మొదటి పాఠం గిదే సార్, ఉల్లిపొర. మైక్రోస్కోపు లేక బోర్డు మీద బొమ్మ గీస్త. ఇటుకల లెక్క ఉంటయి అని చెప్త. నిజమేనని మా పిల్లలు నమ్ముతరు. నేను సుత చదువుకునేటప్పుడు ఒక్కసారే చూసిన."

అమ్మ మాట, లాబ్ బుద్ధి రెండూ గాలికి వదిలేసి పైకి పరిగెత్తాను. మందు వేయాల్సిన సగం కోసం దాచిన పెట్టె పగలగొట్టి ఒక మైక్రోస్కోపు తెచ్చి, స్టూలు మీద పెట్టి, అద్దం ఎండవైపు తిప్పాను. మైక్ సార్ ఒంగి చూశాడు. ఎంతసేపటికీ తల ఎత్తడే! వెనక వరస మొదలైంది. విద్యార్థులు, వకీళ్లు, చివరికి మమ్మల్ని కాయడానికొచ్చిన కానిస్టేబులు కూడా లాఠీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. పక్క పొయ్యి దగ్గరి ముసలమ్మ కన్ను ఆనించి, "అబ్బబ్బ! గీ ఉల్లిగడ్డల గిన్ని గోడలు ఎవడు కట్టిండు బిడ్డా?" అంది. నేనూ చూశాను. వేలసార్లు చూసిందే. అయినా, ఒట్టు, ఆ వేళ మొదటిసారి చూసినట్టే ఉంది.

"గిప్పుడు చెప్పుండ్రి సార్, మేము ఏ గ్రూపు?" అన్నాడు మైక్ సార్.

"గ్రూపులు లేవండీ. ఉన్నవి అందరం పంచుకుందాం."

ఆయన నా ముందు విస్తరి వేసి అన్నం వడ్డించాడు. తర్వాత తనవాళ్ల వైపు తిరిగి, "ఉంటున్నం" అన్నాడు, అంతే.

సాయంత్రం ఫోన్లో డైరెక్టర్ మేడానికి చెప్పాను. "మరి పద్ధతి పనిచేసిందని ఎలా నిరూపిస్తావు?" అన్నారు. నిరూపించలేనన్నాను. "సరే, రేపు పొద్దున్నే ఎప్పట్లా ఆఫీసుకి వెళ్లు" అన్నారావిడ. తర్వాత ఎన్ని ప్రాజెక్టులు నడిపానో, ఎన్ని చోట్ల నన్ను అనుభవజ్ఞుడని పరిచయం చేశారో. ఆ మాట విన్నప్పుడల్లా ఆ మధ్యాహ్నం రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఉద్యోగం ఉందో ఊడిందో వాడికింకా తెలియదు. అయినా సిగ్గులేకుండా, పక్కా కోస్తా యాసలో, "ఇంకొంచెం కూర వెయ్యండి" అని అడిగి మరీ వేయించుకున్నాడు.