రాజారావు పాడిన జపాను పాట

రాజారావుకి పాట రాదు. ఈ సంగతి అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో అందరికంటే బాగా తెలిసింది ఆయన భార్య కృష్ణవేణికే. ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో ముప్ఫైమంది పిల్లలకి కర్ణాటక సంగీతం నేర్పుతుంది. మొగుడు మెట్ల మీద కూనిరాగం తీస్తే మాత్రం తలుపు వేసుకుంటుంది. రాజారావు యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కారు సీట్లు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద ఉండే పట్టాలు తయారుచేసే జపాను కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. పట్టాలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పసిగడతాడు. గొంతులో బారెడు తేడా వచ్చినా ఆయనకి పట్టదు.

అలాంటివాడు 2012 మార్చిలో ఓ ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ, "వేణీ, నాకో పాట నేర్పాలి. జపాను పాట. పదిహేను రోజుల్లో," అన్నాడు.

కృష్ణవేణి కప్పు కింద పెట్టింది. "ఒంట్లో బాగానే ఉందాండీ?"

ఒంట్లో బాగానే ఉంది. బాగాలేనిది మనసులో. ఆయన పైఅధికారి మోరిటా సొంత ఊరు నగోయాకి వెళ్ళిపోతున్నాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఈయన పెరుగన్నం, ఆయన చేపా అన్నం. మాట్లాడుకున్నది బహు తక్కువ. తినడం అయ్యాక మోరిటా డబ్బాకి మూత పెడుతూ ఓ పాట సన్నగా పాడుకునేవాడు. రోజూ అదే పాట.

2009లో డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలన్నీ ఊడుతున్నప్పుడు వీళ్ళ ప్లాంటులోనూ తీసెయ్యాల్సినవాళ్ళ జాబితా ఒకటి తయారైంది. అందులో రాజారావు పేరుంది. ఉండి, పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. పక్కన మోరిటా సంతకానికి బదులు వేసే ఎర్ర ముద్ర. ఆ కాగితం కంటపడిన సహోద్యోగి ధర్మారావు పార్కింగ్ లాట్‌లో చెవిన వేశాడు: "నీ కోసం హెడ్ ఆఫీస్‌తో నెల్రోజులు ఫైట్ చేశాట్టోయ్."

మర్నాడే లంచ్‌లో రాజారావు జపానువాళ్ళ పద్ధతిలో 'గారు'కి బదులు 'సాన్' తగిలించి మొదలెట్టాడు. "మోరిటా-సాన్, ఆ లిస్ట్..."

మోరిటా వాచీ చూసుకుని, "మీటింగ్," అని లేచాడు. మీటింగూ లేదు, గీటింగూ లేదు. మూడేళ్ళలో రాజారావు పదిసార్లు మొదలెట్టాడు, పదిసార్లూ ఆ వాచీ అడ్డం పడింది. థాంక్స్ అనేది చెప్పకుండా దాచుకుంటే అరిగే పదార్థం కాదు. నిజంగానే కుమిలిపోయాడు మనిషి. ఇక మిగిలింది వీడ్కోలు పార్టీ ఒక్కటే. పక్క ఊరు నోవైలో కరోకే గది బుక్ చేశారు. అక్కడ సంగీతం మెషీన్‌లోంచి వస్తుంది, ప్రతివాడూ ఓ పాట పాడి తీరాలి. ఒకడు పాడుతుంటే ఇంకొకడు లేచిపోవడం మర్యాద కాదు. రాజారావు పట్టుకున్నది ఆ పాయింటే.

మోరిటా రోజూ పాడుకునే పాట పేరు ఆఫీసులో మిచికో అనే ఆవిడ చెప్పింది. కూతురు దేదీప్య దాన్ని యూట్యూబ్‌లో పట్టుకుంది. "లేడీ సింగర్ నాన్నా. సెవెంటీస్‌లో పెద్ద హిట్. తనే రాసింది, తనే ట్యూన్ చేసింది, పియానో కూడా తనే." అర్థం కూడా వెతికి చెప్పింది. ప్లాట్‌ఫాం మీద ఇద్దరుంటారు. రైలు కదిలేదాకా వాన గురించే మాట్లాడుకుంటారు. అసలు మాట ఇద్దరూ చెప్పరు.

రాజారావు అది విని, "ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు.

కృష్ణవేణి రెండుసార్లు విని తేల్చేసింది. "ఇది మన మోహన రాగమేనండీ. మధ్యమమూ లేదు, నిషాదమూ లేదు. మా చిన్నపిల్లలు పాడేస్తారు." జపాను మాటలు తెలుగు లిపిలో రాసి, పైన స్వరాలు వేసి, ఆది తాళంలో కూర్చింది. తనకి తెలిసిన పద్ధతిలోనే నేర్పింది: చరణం అయిందా, పల్లవికి రా. మళ్ళీ చరణం, మళ్ళీ పల్లవి. పదిహేను రోజులు చాప మీద చిన్నపిల్లల వరసలో కూర్చుని తొడ మీద తాళం వేశాడు పెద్దమనిషి.

పార్టీలో ఆయన వంతు వచ్చింది. మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. పల్లవి, మొదటి చరణం గట్టెక్కాయి. తర్వాత మెషీన్ తిన్నగా రెండో చరణంలోకి పోయింది, రాజారావు బుద్ధిగా పల్లవికి వచ్చాడు. ఎవరి దారి వారిదే అయింది. కాసేపటికి మెషీన్ పాట ముగించి మార్కులు చూపించింది. వందకి నలభై ఒకటి.

రాజారావుకి ఇంకా ఓ చరణం, ఓ పల్లవి మిగిలున్నాయి. గదిలో చప్పుడు లేదు. కళ్ళు తెరిచాడు. మేనేజర్లందరూ గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. మోరిటా వాచీ చూసుకుంటున్నాడు.

ఆపెయ్యచ్చు. ఆపలేదు. శ్రుతి ఎటో పోయినా, ఉత్త తాళంతో చరణం పాడాడు. మోరిటా వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. ఆఖరి పల్లవి దగ్గర తనూ సన్నగా గొంతు కలిపాడు, క్యాంటీన్‌లో డబ్బాకి మూత పెడుతూ పాడినట్టే.

పాట అయ్యాక రాజారావు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వెరీ లాంగ్ సాంగ్, రాజారావు-సాన్," అన్నాడు మోరిటా.

"త్రీ ఇయర్స్, మోరిటా-సాన్."

మోరిటా చెయ్యి జేబులోకి వెళ్ళింది. వాచీ మాత్రం బయటికి రాలేదు.