దారం తెగే బ్లేడు

జగిత్యాలలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాపలావాళ్లు డ్యూటీ ఎక్కే ముందు గడ్డం పరీక్ష ఇవ్వాలి. సూపర్‌వైజర్ మధు దూది ఉండ పట్టుకుని ఒక్కొక్కరి చెంప మీద కింది నుంచి పైకి రాస్తాడు. దూది వెంట్రుకకు చిక్కితే ఆ పూట ఇంటికి పొమ్మంటాడు. ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరుకు ఒత్తుగా, ముచ్చటగా కత్తిరించిన గడ్డం ఉంది. ఆయన చెంపను ఎవరూ తడమరు.

దేవేందర్ అప్పటికి రెండుసార్లు దూదికి చిక్కాడు. మళ్లీ చిక్కితే ఉద్యోగమే ఉండదని మధు చెప్పేశాడు.

"నాకేమన్న పగనా కాకా నీ మీద? పైనోల్లు చెప్తున్రు. సోమవారం నున్నగ గీసుకోని రా, అయిపాయె."

నున్నగా రావడమే దేవేందర్‌కు చేతకావడం లేదు. సిరిసిల్లలో సాంచాలు నడిపి నడిపి నెరిసిన మనిషి. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అంటారు. సాంచా ముందు నిలబడ్డవాడి మొహం ఎవరికి కావాలి? తెగిన పోగు ఎంత తొందరగా అతుకుతాడో చూస్తారు. గడ్డమంటే వారానికోసారి కటింగ్ షాపులో తీయించుకునేది. ఆర్డర్లు రాక సాంచాల యజమాని, అంటే ఆసామి, వాటిని ఆపేశాక, భార్య పద్మజతో జగిత్యాల వచ్చి నీలం చొక్కా తొడుక్కున్నాడు. చొక్కాతో పాటు మొహం కూడా యూనిఫారమే అయింది.

మొదట కిరాణా దుకాణంలో దొరికే ప్లాస్టిక్ రేజర్ తెచ్చుకున్నాడు. అందులో రెండు బ్లేడ్లు పక్కపక్కన ఉంటాయి. దేవేందర్‌ది ఉంగరాల గడ్డం. ఒక బ్లేడు వెంట్రుకను పైకి లాగితే రెండోది మరీ లోతుగా కోసేది. మళ్లీ మొలిచేటప్పుడు ఆ వెంట్రుక బయటికి దారి దొరకక లోపలే వంకర తిరిగి పొక్కయ్యేది. మెడంతా ఎర్రబడింది. గీస్తే నెత్తురు, గీయకుంటే దూది.

కోరుట్లలో పద్మజ పుట్టింటికి పోయినప్పుడు, దుబాయ్ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు వీరేందర్ ఆ మెడ చూశాడు. లోపలి నుంచి బరువైన స్టీలు రేజర్ తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇది పట్టు బావా. కింద తిప్పితే తలుపులు తెరుసుకుంటయి. నడిమిట్ల బ్లేడు వెట్టుడే."

"తలుపులు తెరుస్తది సరే. గడ్డం తీస్తదా?"

"నొక్కకుంటె తీస్తది. సాంచా హ్యాండిల్ అనుకోని గుంజేవు."

"మీ అక్కను గుంజుకొచ్చినప్పుడు అడ్డం రాకపోతివి, ఇప్పుడు చెప్తున్నవ్" అన్నాడు దేవేందర్. లోపల పద్మజ నవ్వు వినిపించింది.

మరో రేజర్ ఇంట్లోనే ఉంది. దేవేందర్ తండ్రి కొమురయ్య మహారాష్ట్రలోని బివండి సాంచాల్లో పనిచేసినప్పుడు కొన్న ఇత్తడిది. మూడు ముక్కలుగా విడిపోతుంది. పిడి పొట్టి, తల సన్నం. పాత రేకు డబ్బాలో పానాల మధ్య పడి ఉంటే, చింతపండుతో తోమి పక్కన పెట్టాడు.

ఆదివారం అద్దం ముందు కూర్చుని రెండు రేజర్లకూ పోటీ పెట్టాడు. కొత్త బ్లేడు వేయలేదు. సాంచాల ఇళ్లలో బ్లేడు బాగుందో లేదో చూసే పద్ధతి ఒక్కటే. దారాన్ని రెండు చేతుల మధ్య బిగబట్టి బ్లేడుకు ఆనిస్తారు. పుటుక్కున తెగితే బ్లేడు ఉన్నట్టే. ఉన్నదాన్ని పారేయడం దుబారా. దేవేందర్ దుబాయ్ రేజర్‌తో పాటే వచ్చిన పాత బ్లేడు తీసి దారం ఆనించాడు. తెగింది. దాన్నే దుబాయ్ రేజర్‌లో పెట్టి ఎడమ చెంప, తీసి బివండి రేజర్‌లో పెట్టి కుడి చెంప గీసుకున్నాడు. రెండు వైపులా పీకింది. రెండు వైపులా ఒకే తీరుగా పీకింది.

కుట్టుమిషను మీద బడిపిల్లల లంగాలు కుడుతున్న పద్మజ లేచి వచ్చింది.

"అయిందా? బ్లేడియ్యి. కుట్లు విప్పాలె."

"దీంతోనా విప్పేది?"

"మరి దేంతోని? మొన్నటిసంది గదే. నువ్వు డ్యూటీకి పోంగనే తీస్త, అచ్చేటాల్లకు మల్ల పెడ్త."

"నాకు చెప్పకపోతివి?"

"మనింట్ల బ్లేడుకు నీది నాది అని ఎన్నడున్నది?"

నిజమే, ఎన్నడూ లేదు. కార్ఖానాలో ఒక్క బ్లేడు ఎందరి చేతులు మారేదో. అడగడం, చెప్పడం ఉండేవి కావు.

పద్మజ అతని మొహాన్ని రెండు వైపులా తిప్పి చూసింది.

"రెండు సాంచాల మీద ఒక్క తీరుగ పోగు తెగితే ఏమంటవ్?"

"సాంచా మంచిగనే ఉన్నది, నూలే ఖరాబు అంట."

"మరి రేజర్లను తిడ్తవేంది? పాలిస్టర్ దారం కోసి కోసి దాని పండ్లు అరిగినయి. బిగబడితే దారం దేనికన్న తెగుతది. నీ గడ్డాన్ని ఎవడు బిగబట్టాలె?"

దేవేందర్‌కు నవ్వు వచ్చింది, కానీ చెంప మండుతుంటే నవ్వలేకపోయాడు.

సోమవారం పొద్దున ఇద్దరికీ వేరు వేరు బ్లేడ్లు. గోరువెచ్చని నీళ్లు, బ్రష్షుతో సబ్బు నురగ. మొదట వెంట్రుక వాలిన దిక్కుకే గీశాడు. మళ్లీ నురగ పెట్టి అడ్డంగా గీశాడు. దుబాయ్ రేజర్ వీరేందర్ అన్నట్టే నొక్కకుండా దాని బరువుకు అదే దిగింది. చెంపల మీద దానికి తిరుగు లేదు. దవడ మూలలో, గొంతు గుంతలో మాత్రం దాని లావు తల ఇమడలేదు. బివండి రేజర్ అక్కడ పొక్కులను తప్పించుకుంటూ నడిచింది. రోజూ ఒక్కటే వాడాలంటే బివండిదే. తండ్రిదని కాదు, మెడ దానికే ఒప్పుకుంది.

ఆసుపత్రిలో వరుసలో నిలబడ్డాడు. మధు దూదితో దగ్గరికి వచ్చాడు. దేవేందర్ అరచెయ్యి చాపాడు.

"దూది ఇటియ్యి."

"ఏంది కాకా?"

"నా చెంప మీద నేనే రాస్త. నువ్వు చూడు. చెయ్యి వెయ్యకు."

"రూల్ గట్ల లేదు."

"నున్నగుండాలెనని రూల్. నువ్వే ముట్టుకోవాలెనని ఏడున్నది?"

మధు దూది ఇచ్చాడు. దేవేందర్ రెండు చెంపల మీదా, గొంతు మీదా కింది నుంచి పైకి రాసి, అరచేతిలో పెట్టి చూపించాడు. ఉండ ఉండలాగే ఉంది, ఒక్క పోగు జారలేదు.

వెనక నిలబడ్డ ప్రకాశ్ చెయ్యి చాపాడు. "నాగ్గూడ ఇయ్యి, మధన్నా."

మధు దూది పొట్లం మొత్తం బల్ల మీద పెట్టి, రిజిస్టరు వైపు తిరిగాడు.

పరీక్ష ఆగలేదు. పెద్ద డాక్టరు గడ్డమూ పోలేదు. ఆ రోజు నుంచి ఎవరి చెంప మీద వాళ్లే దూది రాసుకుంటున్నారు. దేవేందర్ తన ఉండను చెత్తబుట్టలో వేసి గేటు దగ్గరికి నడిచాడు. అక్కడ పన్నెండు గంటలు నిలబడాలి. కుర్చీ సంగతి ఇంకా అడగాల్సి ఉంది.