గుడాలు చేసిన సాయంత్రం

ఈ పొద్దున స్నానం చేసి వచ్చిన మా పాప పాదం నేల మీద నిండుగా అచ్చుపడింది. మధ్యలో వంపే లేదు. చూడగానే మా అన్న గుర్తొచ్చాడు.

శంషాబాద్ వైపు పెరిగిన దోస్తులూ, యాదికుందా? ఎయిర్‌పోర్టు కొత్తలో మన అన్నలంతా తెల్లారకముందే ఆర్మీ సెలక్షన్ల కోసం రోడ్డు పక్కన పరుగెత్తేవాళ్ళు. ఎవరూ బలవంతం చేయలేదు. ఎయిర్‌పోర్టుకు పొలాలు పోయిన ఇళ్ళలో మరో దారి కనిపించలేదంతే. బలం కోసం మా అన్న రోజూ నానిన పచ్చి శనగలు నమిలేవాడు. నానబెట్టేది అమ్మే, ఒక్క మాటా మాట్లాడకుండా.

ఒక సాయంత్రం సెలక్షన్ నుంచి వచ్చిన అన్న వాకిట్లో కాళ్ళు కడుక్కుని షాబాదు బండల మీద అడుగేశాడు.

"చూడమ్మా, పాదం సాపుగ ఉన్నదట. ఉరుకుడుల ముందే ఉన్న, అయినా డాక్టర్ వద్దన్నడు."

"అయ్యో బిడ్డా" అంది అమ్మ. ఆ అడుగు తడి ఆరేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత ఆ శనగలనే ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి వేసి ఇల్లంతా ఘుమఘుమలాడేలా గుడాలు పోపు పెట్టింది.

"పోరనికి నౌకరి రాలే. గిప్పుడు గుడాలేందే?" అన్నాడు బాపు.

"ఇగ పచ్చియి ఎవలు తింటరు?" అంది అమ్మ, అటు తిరిగి. ఆమె గొంతు అంత తేలిగ్గా విని ఎన్నాళ్ళయిందో.

అన్న ఇప్పుడు అదే రోడ్డు మీద క్యాబు నడుపుతాడు, రాత్రికి ఇంట్లోనే తింటాడు.

పాప పాదం సంగతి భయపడుతూనే అమ్మకు ఫోన్లో చెప్పాను.

"ఏం గాదు. పిల్లకు గుడాలు చెయ్" అంది.