వంగని ముక్కు

మా ఆయన ప్లాంటులో గ్యాస్ లైన్ల మనిషి. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి మాకు గొప్పగా చెప్పారు. ఉక్కు కొలుములకు గ్యాసు మోసుకుపోయే పైపులు చూసుకోవడం ఆయన ఉద్యోగం. మనిషి తలెత్తుకుని లోపల నడిచిపోగలిగినంత పెద్ద పైపులవి. అంచేత గోపాలపట్నంలో మా ఇంటి వంటగదికి గ్యాస్ లైను వేయించుకుందామని నేను అన్నప్పుడు, ఆ 'వేయించుకుందాం' అన్న మాట ఆయనకి అవమానంగా తగిలింది.

నేను అడిగింది చిన్న పనే. స్టవ్ కింద సిలిండరు ఉంటే కాలు పెట్టే చోటుండటం లేదు. దాన్ని బాల్కనీలోకి తీసేసి, అక్కణ్ణుంచి రాగి పైపు వేయించుకుంటే నాకు కాస్త జాగా వస్తుంది. కంచరపాలెంలో ఈ పని చేసే అబ్బాయి ఉన్నాడు, పక్కింటివాళ్ళకి అతనే వేశాడని కూడా చెప్పాను. ఆయన పేపరు మడిచి నావైపు జాలిగా చూశారు.

"నాను రోజూ సేత్తన్న పనేటే? ఇంట్లో ఏలెడు పైపుకి ఇంకోడ్ని పిలుత్తే నలుగురూ నవ్విపోరా?"

ఆ నలుగురూ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మన ఇళ్ళల్లో చాలా పనులు చెడగొట్టింది మాత్రం వాళ్ళే.

ఆదివారం పొద్దున్నే యజ్ఞం మొదలైంది. పానా ఏదీ, పానా ఏదీ అని ఇల్లంతా అరిచారు. అది ఆయన పక్కనే స్టూలు మీద ఉంది. గోడకి కన్నం పెడుతూ రెండు టైల్సు పగలగొట్టి, టైల్సు వేసినవాడికి పని రాదన్నారు. పైపు పైకి కనబడితే అందం పోతుందట. అందుకని నేలని ఆనించి, గోడ వెంట, దేవుడి పీట వెనక నుంచి లాక్కెళ్ళారు. తీరా పైపు పొడవు చాలలేదు. సరిగ్గా పీట వెనక ఒక అతుకు వేసి, నీళ్ళ కుళాయిలకి చుట్టే తెల్ల టేపు చుట్టి బిగించారు.

ఆ పీట సంగతి చెప్పాలి. మాకు విడిగా పూజగది లేదు. వంటగది మూల, నేల మీద చెక్కపీట, దాని మీద మా అత్తగారి దేవుళ్ళు. తెల్లారగానే ఆవిడ స్నానం చేసి, ఆ పీట ముందు చతికిలబడి దీపం వెలిగిస్తారు. ఆ మాయదారి కరోనా జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి ఆవిడకి వాసన తెలియదు. పప్పు మాడినా తెలియదు, పాలు పొంగి స్టవ్ మీద కాలిపోయినా తెలియదు. అతుకు ఎక్కడ ఉందో, దాని ముందు రోజూ అగ్గిపుల్ల గీసేది ఎవరో, ఆ మనిషికి వాసన తెలియదన్న సంగతీ, అన్నీ కన్నకొడుక్కి తెలిసినవే. వాటిని కలిపి ఆలోచించడానికే ఆయనకి తీరిక దొరకలేదు.

పని అయ్యాక సబ్బునీళ్ళ పరీక్ష పెట్టారు. అతుకు మీద పూస్తే, గ్యాసు కారుతున్న చోట బుడగలు వస్తాయి. స్టవ్ దగ్గర పూశారు, బాల్కనీలో పూశారు. పీట వెనక పూయలేదు. అక్కడ పూయాలంటే దేవుళ్ళని జరపాలి, పైగా వంగాలి. అది స్వయంగా తను బిగించినదేనని చెప్పి చేతులు కడుక్కున్నారు.

మర్నాడు ఊడుస్తుంటే నాకు గ్యాసు వాసన తగిలింది. చెప్పాను. ఆయన ప్లాంటు చొక్కా జేబులో ఉండిపోయిన చిన్న గ్యాసు మీటరు తీసి, స్టూలెక్కి, పైకప్పు పొడుగునా తిప్పారు. సున్నా చూపించింది. నాకు అనుమానం జబ్బని తేల్చేశారు. ప్లాంటులో గ్యాసు గాలికన్నా తేలిక, పైకి పోతుంది, కాబట్టి పైన వెతకాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. అసలు ఆ మీటరుకి తెలిసిన గ్యాసే వేరు, వంటగ్యాసులో ముంచి తీసినా అది కూయదు. ఈ జ్ఞానమంతా ఆయన తర్వాత తాపీగా ఒప్పుకున్నారు.

అప్పుడు అత్తగారు నా పక్షాన మాట్లాడారు. కోడలు అంతగా చెబుతోంది కదా, ఒకసారి ఆ అబ్బాయిని పిలవమన్నారు.

"నీకసలు వాసనే తెల్దు కదమ్మా. నువ్వూరుకో," అన్నారు ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి పడుకునే ముందు వెళ్ళి సిలిండరు కట్టేసి వచ్చాను. నా వెనకే వెళ్ళి ఆయన తెరిచారని నాకు తెలియదు. ప్లాంటులో లైను ఎప్పుడూ కట్టరట.

తెల్లారేసరికి వాన. తలుపులూ కిటికీలూ అన్నీ మూసి ఉన్నాయి. చీపురు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి వంగాను, అంతే, ముక్కు బద్దలయ్యే వాసన. మూల అత్తగారు ఒత్తి వేసి, నూనె పోసి, అగ్గిపుల్ల పట్టుకుని ఉన్నారు. పెదవులు ఏదో చదువుకుంటున్నాయి. చీపురు పారేసి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. అగ్గిపుల్లలు నేలంతా పడ్డాయి. ఆవిణ్ణి అమాంతం లేపి వీధి గుమ్మం బయటికి లాక్కుపోయి కూర్చోబెట్టాను. తిరిగొచ్చి సిలిండరు కట్టి, తలుపులు బార్లా తెరిచాను.

ఆయన తువ్వాలు కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ముక్కు ఎగబీల్చి, తనకేమీ వాసన రావడం లేదన్నారు.

"వంగండి," అన్నాను. "మీ అమ్మ కూర్చునే చోట ముక్కు పెట్టండి."

ఆ గొంతుతో నేనెప్పుడూ ఆయనతో మాట్లాడలేదు. మోకాళ్ళ మీద కూలబడి వంగారు. వంగి అలాగే ఉండిపోయారు. మా ఇంట్లో ఊడ్చేది నేను, తుడిచేది నేను, కత్తిపీట ముందు కూర్చునేది అత్తగారు. నేల దగ్గర గాలి ఎలా ఉంటుందో ఆయన ముక్కు ఎరగదు. లేచి కూర్చునేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ అగ్గిపుల్లలు ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టారు.

కంచరపాలెం అబ్బాయి పొద్దున్న వస్తానని మధ్యాహ్నం వచ్చాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకునే పని చేశాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి తనే లైన్లు వేశానని కోతలు కోశాడు. పీట జరిపి తెల్ల టేపు చూసి, ఇది వేసిన మహానుభావుడెవరని అడిగాడు. గొప్పలకి మా ఆయనకేం తీసిపోడు. కాకపోతే అతుకు మళ్ళీ వేశాక, చివర్లో నేల మీద బోర్లా పడుకుని అక్కడ కూడా సబ్బునీళ్ళు పూసి చూశాడు. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

మర్నాడు అత్తగారు ఒత్తి వేసి, నూనె పోసి, పుల్ల మాత్రం తీయలేదు. బూట్లు వేసుకోబోతున్న కొడుకుని పిలిచి, వంగి చూడమన్నారు. ఆయన వంగారు. ఆ రోజు నుంచి అదే వరస. వీధి చివర ప్లాంటు బస్సు హారను మోగుతున్నా సరే, డ్యూటీ బట్టల్లో వచ్చి, నేలకి ముక్కు ఆనించి, 'లేదమ్మా' అంటేనే మా ఇంట్లో దీపం వెలుగుతుంది. కిటికీలోంచి చూసిన పక్కింటావిడ, మీ ఆయనకి ఈ మధ్య భక్తి ఎక్కువైందే అంది. నేను కాదనలేదు.

లైను బాగయిపోయింది కదా అత్తయ్యా, ఇంకా ఎందుకు ఆయన్ని వంచడం అని ఒకరోజు అడిగాను. ఆవిడ ఒత్తి సరిచేసుకుంటూ, నావైపు చూడకుండానే జవాబు చెప్పారు.

"లైనంటే ఆ అబ్బాయొచ్చి బాగు సేసినాడమ్మా. ఈడ్ని బాగు సేయడానికి ఎవుల్ని పిలుత్తాం? మనవే సేసుకోవాల."